ఐసుపెట్టె సార్ రాని వారం

గుల్షన్ టీచర్ చెప్పేది తెలుగు అంటే ఉదయగిరిలో మొదట్లో ఎవరికీ నమ్మకం కుదరలేదు. బాలికల హైస్కూల్లో చేరిన కొత్తలో ఒక పిల్ల తండ్రి స్టాఫ్‌రూముకు వచ్చి, "తెలుగు మేడం ఎవరమ్మా?" అని ఆమెనే అడిగాడు. "నేనే" అంది గుల్షన్. ఆయన తల ఊపి, "సరేమ్మా, ఆమె వచ్చిందాకా ఇట్ట కూర్చుంటా" అని బెంచీ మీద కూర్చున్నాడు.

ఈ సంగతి గుల్షన్ తన బ్లాగులో రాసింది. పిల్లలు చదివి పడీ పడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ తండ్రి కూతురే.

ఆ బ్లాగు కరోనాలో బళ్ళు మూసేసినప్పుడు మొదలైంది. ఆన్‌లైన్ పాఠాలు చెప్పమన్నారు గానీ, కొండ కింద పల్లెల్లో వీడియో తిరగదు. ఇంటికి ఒకే ఫోను ఉంటుంది, అది గొర్రెలు తోలుకుపోయే నాయన జేబులో ఉంటుంది. ఆయన పొద్దుగూకి ఇంటికి చేరాక పిల్ల చేతికి వస్తుంది. ఆ కాసేపటికి పనికొచ్చేది ఏముంటుందా అని ఆలోచించి, ఒక పేజీ తెరిచి దానికి 'కిటికీ పక్కన' అని పేరు పెట్టింది. వారానికొకసారి, ఆదివారం, కిటికీలోంచి కనిపించింది రాసేది. మొదట్లో అది ఆత్మకూరులో తన ఇంటి కిటికీ. బళ్ళు తెరిచాక ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోయే బస్సు కిటికీ అయింది.

అందులో పాఠాలుండవని, నీతులుండవని ముందే చెప్పింది. తన రాతలో తప్పు కనిపిస్తే ఎవరైనా కింద కామెంటులో దిద్దవచ్చని కూడా చెప్పింది. టీచరమ్మ తప్పు పట్టుకోవడమంటే పిల్లలకు పండగ. దానికోసమే రెండేసిసార్లు చదివేవాళ్ళు. బళ్ళు తెరిచినా మానలేదు. పాత పిల్లలు పై చదువులకు పోతూ కొత్తవాళ్ళకు చెప్పి పోయేవాళ్ళు.

ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు. గుల్షన్, ఇంటర్ చదివే కూతురు సారా, అత్త కరీంబీ. భర్త షానవాజ్ మోటార్లకు వైండింగ్ చేసేవాడు. సారా రెండో తరగతిలో ఉండగా జ్వరమని ఆసుపత్రికి పోయి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ, ఒకరినొకరు కష్టపెట్టుకోకుండా, పెద్దగా మాట్లాడుకోకుండా బతికారు. గుల్షన్ బ్లాగులో కరీంబీ చేపలామెతో పెట్టుకునే తగాదాలు ఉండేవి. "ఇవి సోమశిల చేపలు కావు, నన్ను మోసం చేయమాక" అని ఆమె ప్రతి వారం అనడం, అవి సోమశిలవేనని చేపలామె ప్రతి వారం ఒట్టు పెట్టుకోవడం. సారా జడ వేసుకునేటప్పుడు చేసే హడావిడి ఉండేది. షానవాజ్ మాత్రం ఎక్కడా ఉండేవాడు కాదు.

ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు తీసేసినాక ఉదయగిరి బస్సు కిక్కిరిసిపోయింది. ఆ రోజుల్లో రాసింది ఇది:

"ఈరోజు ఒకాయన ఒళ్ళో నీలం రంగు పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టెకు చెమట పట్టింది. వాళ్ళమ్మ చంకలో ఉన్న ఒక చిన్నపిల్ల అది ఐస్‌క్రీం పెట్టె అని తేల్చేసి, చెయ్యి చాపింది. ఆయన మూత తీసి చూపించాడు. లోపల ఐసు, మందు సీసాలు. 'ఇది మేకలకు పాపా, నీకు కాదు' అన్నాడు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, 'నేను కూడా మేకనే' అంది. బస్సంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ పాప చెవులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, 'ఊహూ, పొట్టిగా ఉండాయి. నువ్వు మేకవి కాదు' అన్నాడు. ఆ పాప ఒప్పుకుంది."

కామెంట్లు కుప్పలుగా పడ్డాయి. ఆయనకు 'ఐసుపెట్టె సార్' అని పేరు పెట్టింది కూడా పిల్లలే. పదో తరగతి రాధిక ఒక్కతే ఆయన్ని పోల్చుకుంది. "టీచర్, ఆయన పేరు మెహతాబ్. పశువుల ఆసుపత్రిలో పని. మా జీవాలకు సూదులు వేసేది ఆయనే" అని రాసింది. గుల్షన్ ఆ కామెంటు తీసేసి, మర్నాడు క్లాసులో రాధికతో మెల్లగా చెప్పింది: "ఆడ ఎవరి పేర్లూ వద్దమ్మా. ఆయన్ని మనం అడగలేదు కదా." రాధిక సరేనంది. మాట మీద నిలబడే పిల్ల.

ఆ తర్వాత ఐసుపెట్టె సార్ తరచుగా కనిపించాడు. మొదటి స్టాపులోనే ఎక్కి, కిటికీ పక్క సీట్లో పెట్టె పెట్టేవాడు. గుల్షన్ రాగానే పెట్టె లేచి ఆయన ఒళ్ళోకి పోయేది. "ఈ బస్సులో నాకోసం లేచి చోటిచ్చే మర్యాదస్తురాలు ఆ పెట్టె ఒక్కటే" అని రాసింది గుల్షన్. మేకకూ గొర్రెకూ స్వభావంలో తేడా ఏమిటో ఆయన చెప్పింది రాసింది: గొర్రె భయపడితే పక్క గొర్రెను చూస్తుంది, మేక భయపడితే నిన్ను చూస్తుంది. వానలో బస్సు ఆగిపోతే ఆయన తన సంచిలోంచి తీసిన వేయించిన శనక్కాయలు బస్సంతా ఎలా తిరిగాయో రాసింది. రాస్తున్నప్పుడు ఆమెకు అవి బస్సు కబుర్లే. పిల్లలకు నచ్చుతున్నాయి, అంతే.

చలికాలం మొదట్లో ఆయన కనిపించకుండా పోయాడు. కిటికీ సీట్లో ఎవరెవరో కూర్చునేవాళ్ళు. గుల్షన్ నిలబడి వెళ్ళేది. ఆ ఆదివారం రోడ్డు మీద గుంతల గురించి రాసింది. తర్వాతి ఆదివారం కూడా గుంతల గురించే రాసింది. ఆ తర్వాత నాలుగు వాక్యాలు రాసి, పని ఎక్కువగా ఉందని ముగించింది.

సోమవారం పొద్దున బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడి ఫోను తెరిస్తే, ఆ నాలుగు వాక్యాల కింద రాధిక కామెంటు ఉంది:

"టీచర్, తప్పులేమీ లేవు. కానీ ఐసుపెట్టె సార్ రాని వారం మీ రాత బాగుండటం లేదు."

గుల్షన్ ముఖం వేడెక్కింది. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసింది. ఎవరి గొడవలో వాళ్ళున్నారు. వేలితో పేజీ కిందికి లాగుతూ పాతవన్నీ చదివింది. గుంతలు, చలి, ఖాళీ మాటలు. అంతకు ముందు వారం, దాని ముందు వారం, దాని ముందు వారం, అన్నిట్లో ఆయన ఉన్నాడు. ఒక చోట ఆయన చొక్కా గుండీ ఊడిందని రాసింది. ఇంకోచోట, ఆ గుండీ మళ్ళీ కుట్టి ఉందని, దారం రంగు కలవలేదని రాసింది. అంత దగ్గరగా ఎప్పుడు చూసింది? పరాయివాళ్ళెవరైనా చదివితే ఒక్క చూపులో తెలిసిపోతుంది. తెలియనిది రాసిన తనకే.

బస్సు ఉదయగిరి చేరేలోపలే బ్లాగు మూసేసింది. ఎవరు తెరిచినా 'అనుమతి లేదు' అని వచ్చేలా చేసి, ఫోను సంచిలో అడుక్కు తోసింది.

భర్త పోయిన ఆడది, ఎదిగిన కూతురున్నది, పిల్లలకు పాఠాలు చెప్పేది. బస్సులో పక్క సీటాయన గురించి ఊరంతా చదివేటట్టు రాసుకుంది. ఆ మాట తనకు తానే ఎన్నోసార్లు చెప్పుకుంది. ఎన్నిసార్లు చెప్పుకున్నా, దాని వెనక ఇంకో మాట ఉండనే ఉంది: ఆయన ఎక్కడికి పోయినట్టు?

బళ్ళో ఎవరూ ఏమీ అడగలేదు. అదే ఎక్కువ కష్టమనిపించింది. పదో తరగతిలో పద్యం ఎవరు చదువుతారంటే ఎప్పుడూ ముందు లేచేది రాధికే. గొర్రెల వెనక కేకలేసి పెరిగిన గొంతు, చివరి బెంచీ దాకా ఖంగున మోగుతుంది. ఆ వారం రాధిక లేవలేదు. పేరు పెట్టి పిలిస్తే లేచి, నేల చూపులు చూస్తూ గొణిగింది. వెనక నుంచి ఎవరో "నీ వల్లనే" అన్నారు. గుల్షన్‌కు వినిపించింది. పాఠం కొనసాగించింది. మర్నాటి నుంచి రాధిక బడికి రాలేదు.

శుక్రవారం సాయంత్రం బడి వదిలాక గుల్షన్ ఆటో మాట్లాడుకుని రాధిక వాళ్ళ పల్లెకు పోయింది. కొండకు ఆనుకుని ఉన్న ఊరు. ఇంటి పక్కనే కంపతో కట్టిన గొర్రెల దొడ్డి. రాధిక వాళ్ళమ్మ చెంచులక్ష్మి టీచర్‌ని చూసి కంగారుపడి, చీర కొంగుతో మంచం దులిపింది.

"కూర్చోండి టీచర్. జరమంటది, ఒళ్ళు చూస్తే సల్లంగా ఉండాది. ఏమైందే అంటే చెప్పదు. మీరన్నా అడగండి."

రాధిక దొడ్డిలో ఉంది. తల్లి చచ్చిపోయిన ఒక గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు పడుతోంది. టీచర్‌ని చూసి లేవబోయింది గానీ గొర్రెపిల్ల సీసా వదల్లేదు. గుల్షన్ చెప్పులు విడిచి లోపలికి పోయి పక్కనే గొంతుకూర్చుంది.

"బడికి ఎందుకు రావటం లేదురా?"

రాధిక సీసా ఇంకాస్త పైకెత్తింది. పాలు అయిపోయాక గొర్రెపిల్ల మూతి తుడుస్తూ అంది.

"నా వల్లనే కదా టీచర్ మూసేసినారు. ఆదివారం ఆదివారం మా అమ్మకి చదివి ఇనిపిస్తాను. అమ్మకి చదువు రాదు కదా. టీచర్ ఏం రాసింది, టీచర్ ఏం రాసింది అని అడుగుతానే ఉంటది. ఈసారి అడిగితే ఏం చెప్పాలో తెలవలేదు." కళ్ళు తుడుచుకుంది. "చెడ్డగా అనుకోని రాయలేదు టీచర్. బాగలేకుంటే చెప్పమన్నది మీరే కదా."

"నేనే."

"మరి?"

గుల్షన్ ఆ పిల్ల చేతిమీద చెయ్యి వేసింది. పాల జిగట తగిలింది.

"నువ్వు దిద్దింది సరిగానే దిద్దినావు రాధికా. నాకు కనపడనిది నీకు కనపడింది. అది చూసి భయపడి మూసేసినాను. నీమీద కోపంతో కాదు. ఒక మాట నీతో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అది నాదే తప్పు."

రాధిక తల ఎత్తి చూసింది. ఏడుపు ఆగినాక పిల్లలకు వచ్చే ధైర్యంతో అడిగేసింది.

"అయితే మీకు ఆ సార్ అంటే ఇష్టమేనా టీచర్?"

"ఏందే ఆ మాటలు!" అని బయట నుంచి చెంచులక్ష్మి అరిచింది. అంటే అంతా వింటూనే ఉంది.

"తెలియదమ్మా" అంది గుల్షన్. అబద్ధం చెప్పాలనిపించలేదు. "నిజంగా తెలియదు."

చెంచులక్ష్మి టీ గ్లాసు తెచ్చి ఇస్తూ, ఎవరితోనూ కానట్టు, దొడ్డి వైపు చూస్తూ చెప్పింది.

"కొండాపురం వైపు జీవాలకు రోగమొచ్చిందంట. టీకాలెయ్యను ఆ సార్‌ని ఆడికి పంపినారు. సోమవారం నించి మళ్ళా ఇక్కడే. మంచాన పడిన తల్లిని చూసుకుంటానే ఆయనకి వయసు అయిపోయింది టీచర్. ఆమె పోయినాక పెళ్ళి మాట ఎత్తేదానికి మనిషి లేకపోయా. మా ఈనే గొర్రె కడుపులో పిల్ల అడ్డం తిరిగినప్పుడు వానలో నడిచి వచ్చినాడు. తల్లి దక్కలేదు గానీ పిల్లను దక్కించినాడు. ఇదే అది."

గుల్షన్ ఆ గొర్రెపిల్ల వైపు చూసింది. అది రాధిక లంగా అంచు నములుతోంది.

"ఆయనకు ఈ సంగతులేమైనా చెప్పినారా?" అని అడిగింది.

"ఒట్టు టీచర్. పేర్లు వద్దన్నారు కదా" అంది రాధిక. "మా అమ్మ కూడా చెప్పలేదు. చెప్పాలని నోరు దురదగానే ఉండాది ఆమెకి."

గుల్షన్ నవ్వింది. అన్ని రోజుల తర్వాత అదే మొదలు. "సోమవారం బడికి వస్తావా?" అంది. రాధిక తలూపింది.

శనివారం సాయంత్రం ఆత్మకూరులో ఇంట్లో టీ తాగుతుండగా కరీంబీ అడిగింది.

"ఏం గుల్షన్, కంప్యూటర్‌లో రాయటం మానేసినావంట?"

గుల్షన్ ఉలిక్కిపడింది. "మీకెవరు చెప్పినారు అత్తమ్మా?"

"సారా చదివి ఇనిపిస్తది గదా. నువ్వు మాకేం చెప్తావు? ఊరందరికీ చెప్తావు. మేము ఆడ ఇని తెలుసుకోవాల. నా చేపల సంగతంతా రాసినావు. అవి సోమశిలవి కావు, ఇప్పుడు కూడా చెప్తా ఉండాను."

సారా ఫోనులోకి తల దించుకుంది. గుల్షన్‌కు కూతురి వైపు చూసే ధైర్యం చాలలేదు. కరీంబీ గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళు సవరించుకుంది.

"ఆ ఐసుపెట్టె మనిషి ఎవరు?"

"ఎవరూ కాదు. బస్సులో..."

"బస్సులో నలభైమంది ఉంటారు."

గుల్షన్ ఖాళీ గ్లాసులు దగ్గరకు చేర్చింది. అప్పుడు మాట్లాడింది సారా. ఫోను బోర్లా పెట్టింది.

"నాకు కోపమొచ్చింది అమ్మీ. ఆయన గురించి రాసినావని కాదు. ఎవరో బస్సులో ఆయన చొక్కా గుండీ గురించి రాస్తావు. అబ్బా గురించి ఒక్క ముక్క రాయవు. నాకు అబ్బా సరిగా గుర్తు కూడా లేడు. నువ్వు చెప్పవు, దాదీ ఏడుస్తదని నేను అడగను. చదువుతా ఉంటే ఎప్పుడన్నా వస్తాడేమో అని ప్రతి వారం చూస్తాను."

కరీంబీ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. గుల్షన్ లేచి పోయి సారా పక్కన కూర్చుంది. కూతురు దూరం జరగలేదు, దగ్గరకూ రాలేదు.

"రాయాలని కూర్చుంటే చెయ్యి ఆడదు సారా" అంది గుల్షన్. "ఏం రాసినా ఆయన పోయిన కాడికే వస్తది. అది పిల్లలు చదవకూడదని ఆపేస్తాను."

"పోయిన కాడికి ఎందుకు పోతావు? ఉన్న కాడ రాయి" అంది కరీంబీ, కొంగు తియ్యకుండానే. "వాడు నవ్వించేవాడు గదా. అది రాయి. ఆ పిల్లల్ని కూడా నవ్వనీ." కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ అంది: "వాడు పోయినాక నువ్వు నవ్వేది ఈ ఇంట్లో నేను ఇనలేదు. ఆ రాతల్లో ఇన్నాను. ఆ మనిషి మంచోడైతే తెచ్చి చూపించు. చెడ్డోడైతే బస్సు మార్చుకో. అంతేగానీ, ఉన్న ఒక్క నవ్వును కూడా మూసిపెట్టి తాళమేస్తే ఎట్ట?"

ఆదివారం గుల్షన్ బ్లాగు మళ్ళీ తెరిచింది. సారా పక్కనే కూర్చుంది. షానవాజ్ గురించి రాయడం కష్టమవుతుందనుకుంది గానీ, మొదలుపెట్టాక ఆగలేదు.

"నేను డీఎస్సీకి చదివేటప్పుడు మా ఆయన షాపులో మోటారుకు రాగి తీగ చుడుతూ నాకు పరీక్ష పెట్టేవాడు. పుస్తకం ఆయన మోకాలి మీద ఉండేది. 'ఉత్వసంధి చెప్పు' అనేవాడు. నేను చెప్పేదాన్ని. 'కరెక్ట్' అనేవాడు. ఒకరోజు కావాలనే తప్పు చెప్పాను. అప్పుడూ 'కరెక్ట్' అన్నాడు. ఆయనకు తెలుగు చదవడం రాదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. పుస్తకం తలకిందులుగా ఉంది. 'మరి ఇన్నాళ్ళూ ఎట్లా సరిచూశావు?' అన్నాను. 'నీ ముఖం చూసి' అన్నాడు. ఉద్యోగం వచ్చినప్పుడు ఊరందరికీ, 'నేనే చదివించాను' అని చెప్పుకున్నాడు. నిజమే చెప్పుకున్నాడు."

కింద చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత మొదటి కామెంటు వచ్చింది. పక్కన కూర్చుని సారానే రాసింది: "నాకు లెక్కల్లో కూడా అన్నిటికీ కరెక్ట్ అనేవాడు. అందుకే నాకు లెక్కలు రావు." గుల్షన్ అది చదివి నవ్వబోయి ఏడ్చింది. సారా అమ్మ భుజం మీద తల పెట్టుకుంది. లోపలి గదిలోంచి కరీంబీ, "నాకు కూడా చదవండే" అని కేకేసింది.

సోమవారం పొద్దున కిటికీ సీట్లో నీలం పెట్టె ఉంది. గుల్షన్‌ని చూసి మెహతాబ్ పెట్టె ఒళ్ళోకి తీసుకున్నాడు. కొంచెం చిక్కిపోయాడు. "కొండాపురంలో ఉన్నా మేడం. జీవాలకు జబ్బు" అన్నాడు. "తెలుసు" అంది గుల్షన్. ఎట్ట తెలుసని ఆయన అడగలేదు. జనం మీద మీద పడుతున్నారు. ఆమె చెప్పాలనుకున్నది చెప్పలేకపోయింది.

సాయంత్రం తిరుగు బస్సులో జనం తక్కువ. సగం దూరం పోయాక గుల్షన్ ఫోను తీసి ఆయన చేతికిచ్చింది.

"మీరు చదవాల్సింది ఒకటి ఉండాది. మిమ్మల్ని ముందే అడిగి రాయాల్సింది. అడగలేదు. నా స్టూడెంట్లందరూ చదివేసినారు. మీకు నచ్చకపోతే మొత్తం తీసేస్తాను."

ఆయన ఉర్దూ మీడియంలో చదివినవాడు. తెలుగు నిదానంగా, పెదాలు కదుపుతూ, వేలు గీత వెంట జరుపుతూ చదువుతాడు. ఐస్‌క్రీం పాప దగ్గర మొదలుపెట్టాడు. గుల్షన్ బయటికి చూస్తూ కూర్చుంది. రోడ్డుకు అడ్డంగా మంద వచ్చింది. డ్రైవర్ హారను కొట్టాడు. గొర్రెలు బస్సును రాసుకుంటూ పోయాయి. వాటి వైపు ఆయన తల ఎత్తలేదు. గొర్రెలు కనిపించినా ఆయన చూడకపోవడం గుల్షన్ అదే మొదటిసారి చూసింది.

షానవాజ్ గురించి రాసింది దాకా అన్నీ చదివాడు. అది మాత్రం రెండోసారి మళ్ళీ చదివాడు. ఫోను తిరిగి ఇచ్చి, పెట్టె మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆత్మకూరు దగ్గరపడింది.

"తప్పులుంటే చెప్పవచ్చంట కదా" అన్నాడు చివరికి.

"చెప్పండి."

"ఇది ఐసుపెట్టె కాదు. వ్యాక్సిన్ క్యారియర్."

"సరే, దిద్దుతాను" అంది గుల్షన్.

"ఇంకోటి. డ్యూటీకి వేళవుతుందని నేను ఈ బస్సుకు వస్తానని రాసినారు. నా డ్యూటీకి తర్వాత బస్సు చాలు."

"మరి దీనికెందుకు వస్తారు?"

ఆయన పెట్టె మూత గట్టిగా ఉందో లేదో చూసుకున్నాడు. అది గట్టిగానే ఉంది.

"తర్వాత బస్సులో మీరుండరు కదా మేడం."

బస్టాండులో బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగుతున్నారు. ఆయన లేచి నిలబడి అన్నాడు.

"మా ఇంట్లో అడిగేదానికి పెద్దోళ్ళు లేరు. వింజమూరులో మా అక్క ఉండాది. మీ ఇంటికి పంపిస్తే మీ అత్తమ్మ ఏమన్నా అనుకుంటారా?"

"ఆమెకు ఈ సంగతి నాకంటే ముందే తెలుసు" అంది గుల్షన్. "పంపించండి. మా సారా మాత్రం ప్రశ్నలు అడుగుతుంది. మీరు కూడా రావాల."

అక్కా తమ్ముడూ వచ్చింది శుక్రవారం నమాజు తర్వాత. కరీంబీ ఆయన్ని ఎగాదిగా చూసి, చేపలు పెట్టింది. సారా ఆయన తినడం మొదలుపెట్టేదాకా ఊరుకుంది. తర్వాత గోడమీద ఉన్న షానవాజ్ ఫొటో చూపించింది.

"అది ఆడే ఉంటుంది" అంది.

మెహతాబ్ లేచి ఫొటో దగ్గరకు పోయి కాసేపు నిలబడ్డాడు.

"ఉండాల" అన్నాడు. "తప్పు చెప్పినా కరెక్ట్ అనేవాళ్ళు ఇంట్లో ఒకరన్నా ఉండాల. నాకు జంతువుల సంగతి తప్ప ఏమీ తెలవదు. లెక్కలు నాకూ రావు."

సారా ఆయన కంచంలోకి ఇంకో చేప ముక్క వేసింది. ఆ ఇంట్లో దాన్ని అందరూ ఒప్పుకోలుగానే తీసుకున్నారు.

నిఖా చిన్నగా జరిగింది. ఊళ్ళో ఒకరిద్దరు ఏదో అన్నారు. కరీంబీ వాళ్ళ ఇళ్ళకు తనే పోయి బిరియానీ ఇచ్చి, ముఖం మీదే, "బాగుందా?" అని అడిగి వచ్చింది. ఉదయగిరి నుంచి పదో తరగతి పిల్లలు కొందరు వచ్చారు. రాధిక తల్లిని కూడా తీసుకొచ్చింది. చెంచులక్ష్మి పెళ్ళికొడుకును చూసి, అన్నాళ్ళూ ఆపుకున్నదంతా ఒక్కసారిగా ఆయనకు చెప్పేసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మెహతాబ్ ఉండేది ఇప్పుడు వాళ్ళింట్లోనే. కరీంబీని వదిలి ఎక్కడికీ పోనని గుల్షన్ ముందే చెప్పింది. తనకు కూడా మాట్లాడే తల్లి కావాలని ఆయన అన్నాడు.

ఆదివారాలు మాత్రం మారలేదు. గుల్షన్ రాస్తుంది. పంపే ముందు ఫోను ఆయన చేతికిస్తుంది. ఆయన వరండాలో స్టూలు మీద కూర్చుని, గీత కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతాడు. ఆ కాసేపు ఆమె అక్కడ ఉండలేదు. వంటింట్లోకి పోయి టీ పెడుతుంది. పాలు కాగుతుంటాయి, చెవి వరండా మీద ఉంటుంది. మొన్న ఆదివారం చాలాసేపు ఏమీ వినిపించలేదు. బాగా రాలేదేమో అనుకుంది. అంతలో ఆయన పెద్దగా నవ్వాడు. ఏ వాక్యం దగ్గర నవ్వాడో ఆమె అడగలేదు. గ్లాసుల్లో టీ పోసి, నలుగురికీ పట్టుకుని బయటికి వచ్చింది.